మా కప్పు మీద పక్కింటి రేకు

నా చిన్నప్పుడు అని మొదలుపెట్టే వయసు నాకింకా రాలేదని మా ఇంట్లో వాళ్ల అభిప్రాయం. ఇరవై ఆరేళ్లకు జ్ఞాపకాలేమిటని నవ్వుతారు. కానీ మా వీధిలో నాకంటే చిన్నవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు గాలివాన అంటే ఫోనులో తీసి ఒకరికొకరు పంపుకునే వీడియో. వాళ్ల కోసమైనా ఎవరో ఒకరు పెద్దదానిలా కూర్చుని చెప్పాలి కదా. అప్పుడు నాకు పదకొండేళ్లు.

అమరచింతలో మా ఇల్లూ పక్కింటి అక్క ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. రెండూ రేకుల ఇళ్లే. అక్క చీరలు నేసేది. వాళ్ల ఇంట్లో ముందుగదినిండా మగ్గమే. మనుషులు దాని పక్కనుంచి ఒదిగి నడవాలి. భర్త పూణేలో బిల్డింగు పనిలో ఉండేవాడు. ఒక ఎండాకాలం అక్క కూడా వెళ్లి, సగం కట్టిన పెద్ద బిల్డింగు కింద తాడిపత్రి పట్టా కప్పిన గుడిసెలో ఉండి, ఇటుకలు మోసి వచ్చింది. పూణే ఎట్లుంటదక్కా అని అడిగితే, "నాకేం తెల్వదు, పదిహేనో అంతస్తు ఎట్లుంటదో అడుగు, చెప్త" అనేది. మళ్లీ వెళ్లనని తీర్మానించుకుంది. మగ్గం ఆడినన్నాళ్లు ఈడనే ఉంట, అది ఆగిన నాడు బస్సెక్కుడే అని మా అవ్వతో ఎప్పుడూ చెప్పేది.

మా అవ్వ అంటే మా నాన్నను కన్నతల్లి. ఆ వారమే ఆమెను వనపర్తి దవాఖాన నుంచి తెచ్చాం. ఛాతీలో నిమ్ము చేరిందన్నారు. తడవనివ్వొద్దు, చలిగాలి తగలనివ్వొద్దు అని డాక్టరు రెండుసార్లు చెప్పాడు. అమ్మ బల్మూరులో మా పిన్ని కాన్పుకు వెళ్లింది. కాబట్టి ఇంట్లో అవ్వ, నాన్న, నేను.

గాలివానను ముందే పసిగట్టగలమని చెప్పుకునేవాళ్లు మా వీధిలో ఆరుగురు ఉండేవారు. ఆ రోజు మధ్యాహ్నం ఆరుగురూ నిద్రపోయారు. నాలుగింటికి పడమర దిక్కు ఎర్రబడింది. దుమ్ము వచ్చింది, దాని వెనక గాలి, గాలి వెనక వాన. అవ్వ మంచానికి సరిగ్గా పైనున్న రేకు ఒక మూల లేచి, టపటపా కొట్టుకుని, ఊడి, రెండు పల్టీలు కొట్టి పొలాల వైపు వెళ్లిపోయింది. ఇరవై ఏళ్లు మాతో ఉన్నది, ఒక్కసారి వెనక్కి తిరిగి కూడా చూడలేదు. నాన్న అవ్వను మంచంతో సహా మూలకు లాగి గొడుగు పట్టాడు. నేను గడప దగ్గర నిలబడి ఉన్నాను. అప్పుడే పక్కింటి అక్క కప్పు మీది రేకు ఒకటి లేచింది. గోడకు తగిలి, మా వాకిట్లో నీళ్లతొట్టి పక్కన వచ్చి పడింది. అది నేను తప్ప ఎవరూ చూడలేదు.

పొద్దున్నే వీధి వీధిలా లేదు. కరెంటు స్తంభాలు ఒకదాని మీద ఒకటి వాలి ముచ్చట్లు పెట్టుకుంటున్నట్టున్నాయి. ఒక వేపచెట్టు ఆటో మీద పడింది. ఆటో ఆయన చెట్టును తిడితే, చెట్టున్న ఇంటాయన అక్కడ ఆటో పెట్టిన వాడిని తిట్టాడు. ఇద్దరూ కలిసే కొమ్మలు నరికారు. ఎవరో ట్రాక్టరు తెచ్చి పొలాల్లో పడ్డ రేకులన్నీ ఏరి బడి మైదానంలో కుప్ప పోశారు. ఎవరి రేకు వాళ్లు గుర్తుపట్టాలి. చెయ్యి పెట్టి మాది అంటే, ఇరుగుపొరుగు ఇద్దరు అవునంటే, తీసుకుపోవచ్చు. అదీ పద్ధతి. పంచాయతీ నుంచి ఒకాయన వచ్చి ఫోటోలు తీశాడు. అందరూ తమ తమ కూలిన గోడల పక్కన నిలబడ్డారు. ఒక పెద్దాయన అలవాటుకొద్దీ నవ్వాడు. నవ్వకు తాతా, నష్టం కనిపించదు అని ఆయన్ను రెండోసారి నిలబెట్టారు.

మా నాన్న వాకిట్లో రేకును చూసి, "ఇది మనదేనా?" అని నన్ను అడిగాడు. మనదే అన్నాను. ఆయన రెండోసారి అడగలేదు. మొదటిసారి కూడా కొంచెం నెమ్మదిగానే అడిగాడు. అవ్వ రాత్రంతా గొడుగు కింద దగ్గుతూనే ఉంది, అందుకే చెప్పాను. అబద్ధానికి మంచి కారణమే. ప్రతి అబద్ధానికీ అలాంటిది ఒకటి ఉంటుందని తర్వాత తెలిసింది.

నాన్న రేకును పైకెక్కించేటప్పుడు నిచ్చెన పట్టుకోవడానికి మనిషి కావలసి వచ్చింది. పట్టుకున్నది పక్కింటి అక్కే. రేకు తన తల మీదుగా పైకి వెళ్తుంటే దాన్ని కాసేపు చూసింది. తర్వాత, "అన్నా, ఆ అంచు జర గట్టిగ కొట్టు, గాలికి లేస్తది" అంది. అంతే. నిచ్చెన దించాక బడి మైదానానికి వెళ్దాం వస్తవా అని నన్ను పిలిచింది. వెళ్లాను. ఇద్దరం ఎండలో కుప్పంతా తిరగేసి ఆమె రేకు కోసం వెతికాం. ఎక్కడుందో తెలిసిన వస్తువును వెతకడం కష్టమైన పని. వెతుకుతున్న మొహం అంతసేపూ జారిపోకుండా పట్టుకోవాలి.

రేకు దొరకలేదు. ఎట్లా దొరుకుతుంది? ఆత్మకూరులో రేకుల దుకాణాలు పొద్దున్నే ఖాళీ అయ్యాయి. గద్వాలలో వారం ఆగమన్నారు. అక్క కప్పులో ఖాళీ పడిన చోటు సరిగ్గా మగ్గం మీదే ఉంది. మొదటిరోజు వానకు గాలి పక్కవాటుగా కొట్టడంతో మగ్గం కొంచెమే తడిసి బయటపడింది. దాని మీద గద్వాల సేటు కూలికి నేయమని ఇచ్చిన కొత్త పడుగు ఉంది. పడుగు అంటే పొడవునా బిగించి కట్టిన దారాలు, ఒకదాని తర్వాత ఒకటి మూడు చీరలకు సరిపడా. మధ్యలో మీగడ రంగు నూలు, అంచులకు ఎర్ర పట్టు. అక్క కప్పులోని ఖాళీకి తాడిపత్రి కట్టి, నాలుగు మూలలా రాళ్లు వేలాడదీసింది.

మూడో రోజు సాయంత్రం మళ్లీ వాన పడింది. గాలి లేదు, ఉత్త వానే. మా ఇంట్లో ఒకటి రెండు చుక్కలు తప్ప ఏమీ కారలేదు. అవ్వ చాలా రోజుల తర్వాత గురక పెట్టి నిద్రపోయింది. నాన్న ఆ గురకను పాటలా విన్నాడు. గోడకు అవతల మాత్రం తాడిపత్రి గర్భిణీ పొట్టలా కిందికి సాగింది. నీళ్లు ఒంపేద్దామని అక్క కింది నుంచి కర్రతో ఎత్తింది. ఒక మూల తాడు తెగింది. బిందెల కొద్దీ నీళ్లు ఒక్కసారిగా మగ్గం మీద పడ్డాయి. మాకు వినిపించింది నీళ్ల చప్పుడు మాత్రమే. అక్క అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు.

మర్నాడు పొద్దున ఎండ బాగా కాసింది. దగ్గుతో అన్నాళ్లూ పక్కకు ముడుచుకుని ఉన్న అవ్వ, ఆ రోజు మంచం మీద వెల్లకిలా పడుకుని చాలాసేపు పైకి చూసింది. తర్వాత నాన్నను పిలిచింది.

"ఇది మన రేకు కాదు కొడుకా. ఇరవయ్యేండ్ల సంది ఈ మంచం మీదికెల్లి పైకే చూస్తున్న. మన దాంట్ల ఒక్క బొక్క లేకుండె. దీంట్ల పట్టపగలే చుక్కలు కనవడ్తున్నయ్."

"గాలికి పడ్డ బొక్కలమ్మా అవి."

"గాలి వరస వెట్టి మేకులు కొడ్తదారా?"

నిజమే. అక్క వాళ్లవి ఒకసారి వేరే ఇంటికి కొట్టి, విప్పి, మళ్లీ కొట్టిన పాత రేకులు. ఏ ఇంటి వాసాలు ఆ ఇంటివి కదా, మేకుల రంధ్రాలు ఇంకో ఇంటి వాసాల మీదికి రావు. మా నాన్న కొత్త మేకులైతే కొట్టాడు కానీ, పాత రంధ్రాలు రెండు వరుసల్లో వెలుగుతూ అలాగే ఉన్నాయి. అవ్వ నా వైపు చూసింది. ఇక్కడ నేను బోరున ఏడ్చానని రాస్తే అందంగా ఉంటుంది. నిజానికి నాకు ఎక్కిళ్లు వచ్చాయి. నీళ్లు తాగాను, తగ్గాయి, అప్పుడు చెప్పాను.

నాన్న తల దించుకుని, గద్వాల నుంచి కొత్తవి రానీ అమ్మా, ఇంకో నాలుగు రోజులే కదా అన్నాడు. అవ్వ గోడ పట్టుకుని లేచి, ఒక్కో అడుగూ వేస్తూ బయటికి వెళ్లి అరుగు మీద కూర్చుంది. అది పైన ఉన్నంతసేపు తను లోపలికి రానంది. గాలి తగలకూడదన్న మనిషి గాలికి ఎదురుగా కూర్చుంది. పది నిమిషాల్లో నాన్న నిచ్చెన ఎక్కాడు.

రేకును నాన్న ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకున్నాం. మా గడప నుంచి అక్క గడపకు పదిహేను అడుగులు. వీధిలో వాళ్లంతా పనులాపి మాకు దారి ఇచ్చారు. దారి ఇవ్వాల్సినంత ఇరుకేమీ లేదు. అక్క, నేసేటప్పుడు కాళ్లు దించుకునే మగ్గం గుంటలో నిలబడి చెంబుతో నీళ్లు తోడి బయటికి పోస్తోంది. పడుగు వేలాడిపోయి ఉంది. గంజి కరిగిపోయి దారాలు ఒకదానికొకటి అతుక్కున్నాయి, చాలా చోట్ల తెగాయి. అంచు ఎరుపు మీగడ రంగులోకి పాకి, గాయానికి కట్టిన గుడ్డలా ఉంది. నాన్న రేకు దించి ఏదో చెప్పబోయాడు.

"నాకు ఎర్కే అన్నా" అంది అక్క, చెంబు ఆపకుండానే. "నిచ్చెన పట్టుకున్ననాడే ఎర్కే. మా ఆయన కొట్టిన మేకుల బొక్కలు నాకు తెల్వవా?"

"మరి అడగొద్దానమ్మా?"

"ఏమని అడగాలె? మగ్గం మీద తాడిపత్రి కప్పుకోవచ్చు. అవ్వ మీద కప్పితే చూసినోళ్లు పూలు వట్టుకొస్తరు."

ఎవరూ నవ్వలేదు. ఒక్క క్షణం తర్వాత నాన్న నవ్వాడు, నవ్వుతూనే గడప మీద కూలబడి కండువాతో మొహం కప్పుకున్నాడు. వాన నాలుగు దినాలు ఆగుతదనుకున్న, ఆగలే, లెక్క తప్పింది నాది అంది అక్క. తర్వాత నన్ను చూసింది. నేను రేకు అంచు ఇంకా వదల్లేదు. "ఏందే, దాన్ని పట్టుకునే ఉంటవా? నీ కండ్లు మంచిగున్నయ్. దిగు, పోగులు అతుకుదువు."

ఆ సెలవులన్నీ నేను ఆ మగ్గం దగ్గరే ఉన్నాను. తెగిన పోగుల్ని ముడి వేయకూడదు, ముడి వేస్తే నేసేటప్పుడు తట్టుకుని మళ్లీ తెగుతాయి. వేళ్లకు బూడిద అద్దుకుని, రెండు కొసల్ని కలిపి సన్నగా మెలిపెట్టాలి. నాకు గంటకు కొన్ని వచ్చేవి, ఆమెకు నా కంటే పదింతలు. నేను చేసినవాటిలో సగం ఆమె మళ్లీ చేసేది, నేను చూడనప్పుడు. రేకు మాట ఆమె మళ్లీ ఎత్తలేదు. ఎత్తుతుందేమోనని నేను రోజూ సిద్ధమై వెళ్లేదాన్ని. తిట్లు తినడానికి సిద్ధపడి తినకుండా తిరిగి రావడం ఎంత అలసటో చెప్పలేను.

మొదటి చీర దిగింది, పరవాలేదు. రెండో దానిలోనూ మూడో దానిలోనూ ఎరుపు పోలేదు. గద్వాల సేటు చీరలు విప్పి చూసి, మళ్లీ మడత పెట్టాడు. ఇంకో పడుగు మాత్రం ఇవ్వలేదు. వానాకాలం పోనీ చూద్దాం అన్నాడు. అక్కకు వానాకాలం పోయేదాకా ఆగే వీలు లేదు. ఆషాఢంలో మగ్గం తాళ్లు విప్పి, చుట్టి, మేకుకు తగిలించి తలుపుకు తాళం వేసింది. పూణే బస్సెక్కే ముందు వచ్చి అవ్వ కాళ్లకు మొక్కింది. అవ్వ ఆమె తల మీద చెయ్యి పెట్టి అలాగే ఉంచేసింది. బస్సు హారన్ కొడితే గానీ తీయలేదు. ఆ తర్వాత అవ్వ నాలుగేళ్లు బతికింది. ఆ నాలుగేళ్లలో వెల్లకిలా పడుకోగా నేను చూడలేదు, ఎప్పుడూ పక్కకు తిరిగే పడుకునేది.

అక్క రెండేళ్లకోసారి వచ్చేది. ఒకసారి సరదాగా ఎవరి మగ్గం దగ్గరో కూర్చుని, తెగిన పోగు ఒకటి అతకబోయింది. సిమెంటు పనికి వేళ్లు గరుకెక్కి, పట్టు వాటికి పట్టుకుని లేచి వచ్చింది. ఆమె వేలు వెనక్కి తీసుకుని, "చూడే, ఇప్పుడు దారమే నన్ను వదుల్తలేదు" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కానీ ఆ నవ్వు రావడానికి చాలా సేపు పట్టింది.

ఆ రోజు నుంచి అబద్ధాలు మానేశానని చెప్పను. మానలేదు, అవసరాన్ని బట్టి చెప్తాను. కానీ ఎవరైనా ఏదైనా సులభంగా ఇచ్చేస్తే, అది వాళ్ల ఇంట్లో ఏ చోటు నుంచి తీసిచ్చారో చూడకుండా తీసుకోవడం నా వల్ల కాదు. పోయిన ఎండాకాలం గాలిదుమారానికి మళ్లీ స్తంభాలు పడి, మోటార్లు ఆగి, వీధిలో నీళ్లు లేకుండా పోయాయి. ఎదురింటి చిన్నమ్మ నిండు బిందె తెచ్చి మా గడపలో పెట్టి, మాకు ఇంకా ఉన్నాయిలే అని చెప్పి వెళ్లింది. నేను ఆమె వెనకే వెళ్లి, అడగకుండా వంటింట్లోకి దూరి, బిందెలన్నీ వంచి చూశాను. ఒక్కదాంట్లోనూ చుక్క లేదు. సగం నీళ్లు తెచ్చి వాటిలో పోశాను. "గింత అనుమానమేందే నీకు, మనిషి మాట మీద నమ్మకం లేదా?" అని ఆమె వీధంతా వినేలా తిట్టింది. తిట్టనీ. పదకొండేళ్లప్పుడు రావలసిన తిట్లు, కొంచెం ఆలస్యంగా వచ్చాయి, అంతే.