సూక్ష్మజీవులకు ఇఫ్తార్

కర్నూలు కాలేజీలో నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు ఒకసారి పోయింది. రెండోసారీ పోతే డోన్ పాలకేంద్రంలో ఇస్తామన్న ఉద్యోగం కూడా పోతుంది. అందుకే ఈసారి ఒళ్లు దగ్గర పెట్టుకుని, తప్పు జరగడానికి వీల్లేనంత చిన్న పని ఎంచుకున్నాను. మట్టిలో దొరికే కడ్డీల్లాంటి బ్యాక్టీరియాను రెండు సీసాల్లో పెట్టాలి. ఒకదానికి కడుపునిండా తిండి, రెండోదానికి ఉత్త ఉప్పునీళ్లు. తిన్నవి పొడుగ్గా లావెక్కుతాయి, పస్తున్నవి కుదించుకుపోయి ఇంచుమించు గుండ్రంగా అవుతాయి. అంతే!

అది రంజాన్ నెల. ల్యాబ్ ఊడ్చే ఆయమ్మ రోజా ఉపవాసం ఉండేది. రెండో సీసా మీద నేను 'తిండి పెట్టరాదు' అని అంటించిన చీటీ చదివి నన్ను ఎగాదిగా చూసింది.

"ఇవి తిని ఎన్ని దినాలైంది పాపా?"

"నాలుగు."

"థూ! ఏం మనిషివే నువ్వు!"

నవ్వి ఊరుకున్నాను. అదే నేను చేసిన తెలివితక్కువ పని.

మరునాడు పరీక్షకు బయటి ఊరినుంచి పెద్దసారు వచ్చారు. పస్తున్న సీసాలోంచి చుక్క తీసి, రంగు వేసి, మైక్రోస్కోపులో చూశారు.

"ఏమ్మా, ఆకలితో చచ్చేవి ఇవేనా?"

నేనూ చూశాను. ఒక్కొక్కటీ పెళ్లిభోజనం చేసి పడుకున్నట్టు పొడుగ్గా, లావుగా ఉంది. పైగా ఒంటినిండా నల్లటి చుక్కలు, అంటే కొవ్వు! చక్కెర ఎక్కువైతేనే అవి అలా దాచుకుంటాయి. నేను చక్కెరే వేయలేదే!

తలుపు దగ్గర చీపురు పట్టుకున్న ఆయమ్మ ముందుకొచ్చింది. "నిన్న సాయంత్రం అజాన్ అయినాక నేనే స్పూను చక్కెరేసినా సార్. మనుషులమే పొద్దుగూకితే రోజా ఇడుస్తాము. ఇవి నాలుగు దినాలనుంచి అట్లే ఉండాయి, పాపం!"

"నా బతుకు నాశనం చేసింది సార్ ఈమె!" అని అరిచాను. నోటికొచ్చినవన్నీ అన్నాను.

పెద్దసారు మళ్లీ మైక్రోస్కోపు మీదికి వంగారు. "ఒక్క రాత్రిలో ఇంత మార్పు! ఇందులో చూడదగ్గ పని ఈమె చేసింది. మరి నువ్వేం చేశావమ్మా?"

"పస్తులు పెట్టాను సార్."

గదిలో అందరూ నవ్వారు. ఆయమ్మ ఒక్కతే నవ్వలేదు.

"పాస్ చేయండి సార్. బయానికి పాప కూడా నిన్నట్నుంచి ఏమీ తినల్యా. సూడండి, ఎట్ల సిక్కిపోయిందో."

ఆయన పాస్ మార్కులు వేశారు. ఆమె మొహం చూడలేక నేను సీసాలు కడుగుతూ నిలబడ్డాను.