సలేశ్వరం లోయలో బాపు గొంతు

నవ్వుకుంటే నవ్వుకోండి. నాకు వాదించే ఓపిక లేదు. మా బాపు మీద ఒట్టు... ఈ వయసులో అబద్ధం చెప్పి నేను కట్టుకుపోయేది ఏముంది?

నాగార్జునసాగర్ ఆనకట్ట కడుతున్న రోజులవి. మాది మర్రిగూడ పక్క పల్లె. బాపు నడుము వంగిపోయింది. మెడ బిగుసుకుపోయింది. పక్కకు చూడాలంటే మనిషంతా తిరగాలి. మా ఊరి ఫ్లోరైడు నీళ్ళే అలా చేశాయని డాక్టర్లు చాలా ఏళ్ళకు చెప్పారు. అప్పుడు మాకేం తెలుసు? చైత్ర పున్నానికి సలేశ్వరం జలపాతం కింద స్నానం చేయిస్తే తగ్గుతుందన్నారు. ఊరివాళ్ళతో కలిసి నల్లమలలో బండి పోయినంత దూరం బండిలో పోయాం. అక్కడి నుంచి లోయలోకి నడక. బాపును నేనే పట్టుకుని దింపాను.

అక్కడి శివుణ్ణి లింగమయ్య అంటారు. దిగేటప్పుడు "వస్తున్నం లింగమయ్యో" అని కేక వేయాలి. తిరిగి ఎక్కేటప్పుడు "పోతున్నం లింగమయ్యో" అని సెలవు తీసుకోవాలి. ఆ ఇరుకు దారిలో రోజంతా అవే కేకలు.

నడి ఎండాకాలంలోనూ ఆ నీళ్ళు వణికిస్తాయి. ధార మెడ మీద పడగానే బాపు కళ్ళు మూసుకున్నాడు.

"నొప్పి తెలుస్తలేదు బిడ్డా... జరసేపు ఉండనియ్యి."

జరసేపు... జరసేపు... అంటూనే పొద్దు గూకింది. ఊరివాళ్ళంతా పైన బండి దగ్గరికి ఎక్కిపోయారు. బతిమాలి, తిట్టి, ఎలాగో లేపాను.

"పోతున్నం అను బాపూ."

"నేననను. ఇంటికి పోయి మల్ల గా నొప్పే పడాల్నా? నువ్వనుకో."

ఇంకేం చేస్తాను? ఇద్దరి తరఫునా నేనే అరిచాను. బండల మీద వెన్నెల. దారిలో నరమానవుడు లేడు. బాపు ముందు... నేను వెనక, రెండు చేతులూ ఆయన వీపుకు ఆనించి తోస్తూ. నాలుగడుగులు... ఆగడం. మళ్ళీ నాలుగడుగులు... కాళ్ళు పీకుతున్నాయి. నాలుక పిడచకట్టుకుపోయింది. చిరుతలు తిరిగే అడవి. ఈయన ఇక్కడే కూలబడితే ఎలా మోసుకుపోను దేవుడా అని ఏడుపొచ్చింది.

అప్పుడు వినబడింది. కింద నుంచి... నీళ్ళ హోరులోంచి...

"వస్తున్నం... లింగమయ్యో..."

ఎవరో ఆలస్యంగా దిగుతున్నారనుకున్నాను. కానీ ఉన్నది ఒక్కటే దారి. దిగేవాళ్ళు మమ్మల్ని దాటే పోవాలి. మమ్మల్ని ఎవరూ దాటలేదు!

మళ్ళీ వచ్చింది కేక. ఈసారి స్పష్టంగా. నడుమ చిన్న దగ్గు... చివర్లో విరిగే గొంతు...

అది మా బాపు గొంతు.

నా చేతుల కింద బాపు వీపు ఉంది. తడి అంగీ... ఎముకలు... ఊపిరి... అన్నీ తెలుస్తున్నాయి. ఆయన నోరు తెరవలేదు. కేక వేస్తే వీపు అదరాలి కదా? అదరలేదు.

"బాపూ... ఎవలది?"

ఇంకో అడుగు ఎక్కాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"నేనే గద బిడ్డా. నడువు."

ఎలా ఎక్కానో అడగకండి. "పోతున్నం... పోతున్నం..." అని గొంతు పోయేదాకా అరుస్తూనే ఉన్నాను. కింద ఆ కేక ఆగలేదు. దూరమవుతూ... ఇంకా దిగిపోతూ... పైన ఊరివాళ్ళను అడిగితే మాకేం వినబడలేదన్నారు. "పోరికి ఎండదెబ్బ తగిలినట్టుంది, నీళ్ళు తాపుండ్రి" అన్నారు.

ఇంటికి చేరేసరికి మళ్ళీ రాత్రయింది. అమ్మ తలుపు తీసింది. బాపు నా ముందే నిలబడి ఉన్నాడు. అమ్మ దీపం ఎత్తి, ఆయన ముఖంలోకి చూసి... నన్నడిగింది.

"మీ బాపేడే?"

నిద్రమత్తులో అన్నానని పొద్దున నవ్వేసింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

నడుము అలాగే వంగి ఉంది. మెడా అంతే. కానీ బాపు నొప్పి అన్న మాట మళ్ళీ ఎత్తలేదు. చాలా ఏళ్ళు బతికాడు. నా పిల్లల్ని ఆడించాడు. నా ఒడిలోనే పోయాడు. సంతోషించాలి కదా? సంతోషించాను కూడా. అప్పుడప్పుడు నన్ను చూసే చూపు మాత్రం... చుట్టాలింటి పిల్లను చూసినట్టు ఉండేది.

ఏటా చైత్రంలో సలేశ్వరం రమ్మని ఊరివాళ్ళు పిలుస్తారు. కాళ్ళ నొప్పులని చెప్పి తప్పించుకుంటాను. అసలు సంగతి అది కాదు. ఆ లోయలో బాపు గొంతు వినబడితే... అన్నేళ్ళు నేను అన్నం పెట్టింది ఎవరికి? వినబడకపోతే... మా బాపు నిజంగా పోయినట్టే. రెండింటిలో ఏది కావాలని ఉందో, ఒట్టు, నాకే తెలియదు.