ఉంచాలా, వదలాలా

మొన్న ఆదివారం అల్మారా పైఅర దులుపుతుంటే క్యారమ్ పౌడరు డబ్బా కిందపడి మూత ఊడింది. ఆ పౌడరుకి వాసనేముంటుందని ఎవరైనా అంటే అననివ్వండి. నాకు మాత్రం ఆ తెల్లటి దుమ్ము ముక్కుకి తగలగానే మావాళ్లు పనికోసం వచ్చిన ఈ దేశంలో బూన్ లే అనే పేటలోని మా పాత ఇంటి హాలు, నవంబరు వాన, కిటికీ ఊచల మీద ఆరీ ఆరని యూనిఫారాలు, అమ్మ జంతికలు వేయించే నూనె, వంటింట్లోంచి "మెల్లగా మాట్లాడుకోండి, పక్కింటి మలయ్ ఆంటీ ఏమనుకుంటుంది" అన్న కేక, అన్నీ ఒక్కసారి చుట్టుముట్టాయి. చీపురు పక్కన పెట్టి కాసేపు నేలమీదే కూర్చుండిపోయాను.

మా ఇంట్లో దీపావళికి ఒక తోక ఉండేది. దీపావళి అయిన కొద్దిరోజులకి, ఆటగాళ్ల వేలానికి ముందు, క్రికెట్ జట్లన్నీ ఎవరిని ఉంచుకుంటున్నాయో, ఎవరిని వదిలేస్తున్నాయో ప్రకటిస్తాయి. ఆ ప్రకటనకి ముందు ఆదివారం మా హాల్లో పెద్ద సభ జరిగేది. జట్టేమో ఎక్కడో హైదరాబాదులో, దాని యజమానులకి మేమున్నామని కూడా తెలియదు. అయినా ఇక్కడ మావాళ్లు ఒప్పుకుంటే తప్ప అక్కడ ఎవరూ కదలరన్నట్టు, పండగ మిగులు గులాబీ పువ్వులు నములుతూ, కళ్లెర్రజేసుకుంటూ వాదించేవారు.

వాదించేది ముఖ్యంగా ఇద్దరు. ఒకరు మా నాన్న, గాజువాక మనిషి. రెండోవారు మొగిలి అంకుల్, వరంగల్ ఆయన. ఇద్దరూ ఓడల మరమ్మతు యార్డులో డ్రాయింగులు గీసే విభాగంలో పనిచేసేవారు. అంకుల్ ఆ విభాగానికి పెద్ద. నాన్నని ఊళ్లోంచి పిలిపించి ఈ ఉద్యోగంలో పెట్టించింది ఆయనే. యార్డులో ఆయన మాటకి నాన్న ఎదురు చెప్పేవాడు కాదట, ఆ కసి అంతా మా హాల్లో తీర్చుకునేవాడు. అంకుల్‌కీ అదే కావాలి. జురాంగ్ ఈస్ట్‌లో తమ ఇంటి నుంచి, భార్య సరోజ ఆంటీ చేసిన సర్వపిండి డబ్బా చంకన పెట్టుకుని, లిఫ్టు దిగీ దిగకముందే, "తమ్మీ, ఈసారి మొత్తం కుర్రగాళ్లనే తీస్కోవాలె" అని వసారా దద్దరిల్లేలా అరుస్తూ వచ్చేవాడు.

సభకి ఒక పద్ధతి ఉండేది. క్యారమ్ బిళ్లల మీద తెల్ల టేపు అంటించి ఒక్కో ఆటగాడికీ మేం పెట్టుకున్న ముద్దుపేరు రాసేవాళ్లం: పొడుగోడు, కళ్లజోడు, కీపరు, తాత. తాత అంటే నిజంగా తాతేం కాదు, జుట్టు పలచబడిన పాత బౌలరు, మోకాలికి పట్టీ కట్టుకుని చివరి ఓవర్లు వేసేవాడు. ఉంచాల్సినవాళ్లు బోర్డు మధ్య గుండ్రంలో, వదలాల్సినవాళ్లు మూలనున్న వల సంచిలో. మొదట్లో ఎవరికి తోచినట్టు వాళ్లు బిళ్లల్ని విసిరేసేవారు. ఒకసారి అంకుల్ "వీడు వేస్టుగాడు" అని ఒక బిళ్లని మూలకి కొడితే అమ్మ గరిట పట్టుకుని వచ్చి, "వాడికీ ఇంటిదగ్గర పెళ్లాం పిల్లలుంటారు, పంపిస్తే పంపండి, చేతిలో పట్టుకుని కారణం చెప్పి పంపండి" అంది. అప్పటినుంచి అదే రూలు. బిళ్ల చేతిలోకి తీసుకున్నవాడు ఉంచాలా వదలాలా చెప్పాలి, ఎందుకో చెప్పాలి, చెప్పకుండా కింద పెట్టకూడదు.

నేను అయిదో తరగతిలో ఉన్న ఏడు యార్డులో పని తగ్గిపోయింది. సగం మందిని తీసేస్తారని, ఎవరుండాలో ఎవరు పోవాలో మొగిలి అంకుల్‌నే చెప్పమన్నారని అమ్మ ఫోనులో పిన్నితో గుసగుసలాడుతుంటే విన్నాను. ఉద్యోగం పోతే ఇక్కడ ఉండనిచ్చే పాసు పోతుంది, పాసు పోతే కొద్దిరోజుల్లో దేశం వదలాలి. నాకు తెలిసిన దేశం ఇదొక్కటే. మా బడి, కింద తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో నా మైలో చాక్లెట్ పాలలో అడక్కుండానే ఐసు ఎక్కువేసే ఆంటీ, ఇవన్నీ ఉంటాయా పోతాయా అన్నది మొగిలి అంకుల్‌కి తెలుసు, మాకు తెలియదు. నాన్న అడగడు, ఆయన చెప్పడు.

ఆ ఆదివారం వాన విపరీతంగా కురుస్తోంది. అంకుల్ లిఫ్టు దగ్గర అరవలేదు. తలుపు దగ్గర గొడుగు విదిలించి, చెప్పులు వరసగా పెట్టి, వచ్చి బోర్డు ముందు కూర్చున్నాడు. సరోజ ఆంటీ సరాసరి వంటింట్లోకి వెళ్లిపోయింది. నాన్న పౌడరు చల్లి మొదటి బిళ్ల తీశాడు.

"పొడుగోణ్ని ఉంచుదాం. బయటి దేశపోళ్లలో వాడొక్కడే రెండు పనులు చేస్తాడు" అన్నాడు.

"ఉంచు తమ్మీ" అన్నాడు అంకుల్.

"కళ్లజోడుని వదిలేద్దాం. స్పిన్నుకి మరొకడున్నాడు కదా."

"మంచిది."

నాన్న తలెత్తి చూశాడు. కిందటేడు ఇదే కళ్లజోడు గురించి ఇద్దరూ గొంతులు పోయేదాకా అరుచుకుని, ఒకరి ప్లేటులో జంతికలు ఒకరు లాక్కున్నారు. వాదించని మొగిలి అంకుల్‌ని మేమెప్పుడూ చూడలేదు. వంటింట్లో గరిట చప్పుడు కూడా ఆగింది. నాన్న మెల్లగా కీపరు బిళ్ల తీసుకున్నాడు. జట్టు మొత్తంలో ఎవరూ వేలెత్తి చూపలేని మనిషి ఆ కీపరు, అతణ్ని వదలాలన్నవాడికి మతి చెడిందనుకోవాలి.

"కీపర్ని వదిలేద్దాం" అన్నాడు నాన్న. "బోరు కొట్టేశాడు."

అంకుల్ బోర్డు వైపే చూస్తూ, "సరే తమ్మీ, ఇడ్సిపెట్టు" అన్నాడు.

ఏదో చెడ్డ కబురు మోసుకొచ్చాడని నాకు అర్థమైంది. నాన్నకీ అర్థమైందని ఆయన దవడ చూస్తే తెలిసింది. కీపర్ని తిరిగి గుండ్రంలో పెట్టి, తాత బిళ్ల తీసి, దాన్ని తన చేతిలో ఉంచుకోకుండా అంకుల్ అరచేయి తెరిచి అందులో పెట్టాడు.

"ఇతని సంగతేటన్నా? ఉంచాలా, వదలాలా?"

"గీ ఆట ఇయ్యాల వద్దు తమ్మీ."

"చేతిలో పట్టుకున్నాక చెప్పాలన్నా. మన రూలే కదా."

అంకుల్ బిళ్లని వేళ్ల మధ్య తిప్పాడు. "మంచిగనే ఏస్తడు. ఆయినె తప్పేం లేదు. గట్టి మనిషి, చెప్పినప్పుడల్లా నిలబడ్డడు. కానీ ఏంజేస్తం, కొత్త ఓడలే వస్తలేవాయె..." అని ఆగిపోయాడు.

బౌలరు గురించి చెబుతూ ఓడల మాట తెచ్చాడు. అది ఆయనకీ వినబడింది. కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుస్తూ, "రేపు పొద్దుగాల మీటింగ్ రూములకు పిలుస్తరు రమణా. వేరేటోళ్ల నోట నువ్వు వినొద్దని వచ్చిన. వచ్చినకాడి నుంచి నోరు వస్తలేదు" అన్నాడు.

నాన్న ఆయన చేతిలోంచి బిళ్ల తీసుకుని, తనే మూలసంచిలో వేశాడు. వంటింట్లో సరోజ ఆంటీ ఏడుపు వినబడింది, అమ్మది వినబడలేదు. అమ్మ బయటికి వచ్చి, "ప్లేట్లు పెట్టాను, లేవండి" అంది. ఎవరూ సరిగ్గా తినలేదు. వాళ్లు వెళ్లేటప్పుడు నాన్న ఎప్పటిలాగే గొడుగు పట్టి బస్‌స్టాపు దాకా వెళ్లాడు. నేను మాత్రం స్నానాలగదిలో గడియ పెట్టుకుని, మొగిలి అంకుల్ ఇంకెప్పుడూ మా గడప తొక్కకూడదని కోరుకున్నాను. ఆయన మీద నాకంత కోపం వచ్చింది.

మేం దేశం వదలాల్సిన అవసరం రాలేదు. గడువు ముగిసేలోపే తూర్పు వైపు ఒక చిన్న కంపెనీలో నాన్నకి పని దొరికింది, బెడోక్‌కి మారిపోయాం. పోట్లాట ఏమీ లేదు. అంకుల్ ఫోను చేస్తే నాన్న ఆరోగ్యాలడిగేవాడు, వానల గురించి మాట్లాడేవాడు, క్రికెట్ మాత్రం ఎత్తేవాడు కాదు. ఆ మాటే లేకపోతే ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏముంటుంది? ఏడాదికోసారి పండగ ఫోను మిగిలింది, తర్వాత అదీ పోయింది. బోర్డు అల్మారా మీదికెక్కింది.

బూన్ లేలోని ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరుంటున్నారో తెలియదు. సర్వపిండి డబ్బాతో వచ్చేవాళ్లు లేరు, జంతికలు మేం కొనుక్కుంటున్నాం. ఆటగాళ్లని ఉంచడాలూ వదలడాలూ ఫోనులో అభిమానుల గ్రూపులో తేలిపోతున్నాయి. ముక్కూ మొహం తెలియని కుర్రాళ్లు బస్సులో నిలబడి బొటనవేలితో "వేస్టు, తీసెయ్" అని కొట్టి ముందుకి జరిగిపోతారు. మొన్న ఆదివారం పొద్దున్నే జట్టు ప్రకటన వచ్చింది. నేను ఒళ్లంతా పౌడరుతో కూర్చుని ఉంటే నాన్న వచ్చి, ఆ డబ్బా చూసి, పక్కన కూర్చున్నాడు.

"ఈసారి ఎవర్ని వదిలారు?"

చాలా ఏళ్లుగా జట్టులో ఉన్న ఒక పాత బౌలరు పేరు చెప్పాను.

"అతనికి ఎవరు చెప్పారట?"

"ఎవరూ చెప్పలేదట నాన్నా. అందరిలాగే అతనూ ఫోనులోనే చూసుకున్నాడట."

నాన్న నేలమీది పౌడరుని వేలితో ఒక గీతగా గీశాడు. "మొగిలన్న నంబరు నీ దగ్గరుందేటి?" అన్నాడు.

సరోజ ఆంటీ నంబరుంది. కలిపి ఇచ్చాను. ఆంటీ ఆశ్చర్యం అయ్యాక, అటునుంచి ఒక ముసలి గొంతు దగ్గుతూ "ఎవలు?" అంది.

"నేనన్నా, రమణని" అన్నాడు నాన్న. "మనవాళ్ల కీపర్ని కూడా వదిలెయ్యాల్సింది. ఏటంటావు?"

లైను తెగిందేమోనని నేను ఫోను వైపు వంగాను.

"నీకేమన్న పిచ్చి లేసిందా తమ్మీ! కీపర్ని ఇడ్సిపెడ్తరా ఎవలన్న? ఏం సూస్తున్నవ్ నువ్వు ఆటలు?"

నాన్న ఫోనుని చెవికి కాస్త దూరంగా పట్టుకుని, రెండో చేత్తో కళ్లు తుడుచుకుంటూ, అరవనీ అని ఊరుకున్నాడు.