మూడో సిలిండర్ ప్లగ్గు

మా ఇల్లు మదనపల్లెలో. వారానికి రెండు రోజులు కుప్పం వెళ్లి నర్సింగ్ పిల్లలకు పాఠాలు చెప్తాను. బస్సులు మారలేక పాత పెట్రోలు కారొకటి కొన్నాను. కూలికి పోయే ఇంట్లో పుట్టినదాన్ని. మావాళ్లలో స్టీరింగు పట్టుకున్న మొదటి మనిషిని నేనే. అందుకే కాబోలు, బండికి ఏమైనా అయితే తప్పు నాదేనని అందరికీ ముందే తెలిసిపోయేది.

పోయిన వానాకాలంలో పొద్దున స్టార్టు చేయగానే బండి వణకడం మొదలుపెట్టింది. కాసేపటికి సర్దుకునేది. రేడియేటర్లో నీళ్లు మాత్రం వారం వారం తగ్గేవి, కింద ఒక్క చుక్క కారేది కాదు. ఊళ్లోనే ఒక పెద్ద వర్క్‌షాపుకు తీసుకెళ్లాను. తోడుగా మా ఆయన వచ్చాడు. నేను చెప్పిందంతా విని, అక్కడి సూపర్‌వైజరు నా వైపు చూడకుండా ఆయనతో అన్నాడు:

"మేడం క్లచ్చు మీదనే కాలు పెట్టి తోలతాండారు సార్. నీళ్లు పోసేది కూడా మర్సిపోతాండారేమో. ఆడోళ్ల బండ్లు ఇట్లనే వస్తాయి."

బానెట్ ఎత్తి కూడా చూడలేదు. మా ఆయన నవ్వాడు.

రోగిని ముట్టుకోకుండా రోగం పేరు చెప్పే డాక్టరును నర్సుగా పనిచేసిన రోజుల్లో నా వార్డులో నేనెప్పుడూ ఊరికే వదల్లేదు. అలాంటిది ఆ రోజు నోరు మూసుకుని వచ్చేశాను. దానికి నామీద నాకే ఒళ్లు మండింది.

ఆ తర్వాతి వారం కుప్పం పోతుంటే పుంగనూరు దగ్గర టెంపరేచర్ ముల్లు పైకి లేచింది. రోడ్డు పక్కన రేకుల మెకానిక్ షెడ్డులో ఒక పెద్దాయన ఫోనులో ఉర్దూలో మాట్లాడుతున్నాడు. నన్ను చూసి ఫోను పెట్టేసి, నేరుగా బండి దగ్గరికి వచ్చాడు.

"పొద్దున్నే తెల్లపొగ వస్తాందా అమ్మా?"

"వస్తాందప్పా."

"నీళ్లు యాడా కారకుండానే తగ్గిపోతాండాయా?"

అవునన్నాను. అడగాల్సినవి అడిగిన మొదటి మనిషి ఆయనే.

ఇంజిను చల్లారాక సిలిండర్లలో మంట పుట్టించే నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పి, పాత పేపరు మీద వరసగా పెట్టాడు.

"సూడమ్మా. ఒకటి, రెండు, నాలుగు కాఫీపొడి రంగులో ఉండాయి. మంట సరిగ్గా మండితే ఇట్లుంటాది. మూడోది సూడు, ఆవిరితో కడిగినట్ల తెల్లగా ఉండాది. ఆ సిలిండర్లోకి నీళ్లు పోతాండాయి. ఇంజినుకూ దాని హెడ్డుకూ మధ్యన నీళ్లు దాటకుండా గ్యాస్కెట్ ఉంటాది, అది కాలిపోయింటాది. ఇట్లే తోలింటే ఇంజినే పొయ్యేది."

"నేను తోలేది సరిగా లేకనా?"

"దానికీ దీనికీ ఏం సంబంధమమ్మా? ఎవురు సెప్పింది?"

ప్లగ్గులు మళ్లీ బిగించి, నీళ్లు నింపి, మూత తీసి స్టార్టు చేయించాడు. రేడియేటర్లోంచి బుడగలు పొంగుకొచ్చాయి. "సూడు, సిలిండర్లో గాలి నీళ్లలోకి వస్తాంది" అన్నాడు. బండి అక్కడే వదిలేశాను. రెండు రోజులకు హెడ్డు విప్పి, కాలిన చోటు చూపించాకే కొత్త గ్యాస్కెట్ వేశాడు.

మూడో ప్లగ్గు కూడా మార్పించి, పాతది అడిగి తీసుకుని, మదనపల్లె వర్క్‌షాపుకు మిట్టమధ్యాహ్నం పోయాను. అందరి ముందూ సూపర్‌వైజరు బల్ల మీద పెట్టాను.

"సార్ రాలేదా మేడం?" అన్నాడు.

"బండి నాది. నాతో మాట్లాడు."

ప్లగ్గు అటూ ఇటూ తిప్పాడు. "బాగానే ఉండాది కదా, క్లీన్‌గా."

"క్లీన్‌గా ఉండడమే జబ్బు!" అని అరిచాను. హెడ్ గ్యాస్కెట్ పోయిందని చెప్పేసరికి అతని మొహం మారింది.

"నీళ్లు తగ్గేది ముందే సెప్పింటే..." అని నసిగాడు.

"ఈడనే నిలబడి చెప్పినా. నీ చెవులు యాడ పెట్టుకోనుంటివి?"

ప్లగ్గును నా వైపు తోశాడు. తప్పయిందన్న మాట మాత్రం రాలేదు.

ఆ సంగతి ఎవరో మా ఆయనకు చేరవేశారు. "అంత గలాటా యాల?" అన్నాడు ఇంట్లో.

"ఆ పొద్దు వాడు అన్నాడు, నువ్వు నవ్వినావు. నాకు వాడి మాట కంటే నీ నవ్వే ఎక్కువ కాలింది."

తప్పేనన్నాడు ఆయన. ఆ ఒక్క మాటతో నా కోపం పోలేదు. పోయిందని అబద్ధమూ చెప్పలేదు.