నీళ్ళు మోసినవాళ్ళకు తెలుసు

మొన్న ఆదివారం ఆరాధనలో అందరం కళ్ళు మూసుకుని ఉండగా వెనక వరుసలో ఎవరో మాత్రల అట్ట నొక్కారు. చిటుక్కుమని చప్పుడైంది, వెంటనే గుటక. నా పక్కనున్న పెద్దాయన విసుగ్గా గొంతు సవరించుకున్నాడు. నాకు మాత్రం నవ్వొచ్చింది. సంతోషమ్మ ఉంటే ఆ చప్పుడుకు కూడా ఆమెన్ అనేది.

సంతోషమ్మ మంగంపేట దగ్గర ముగ్గురాయి పొడి ఆడించే మిల్లులో సంచులు కుట్టేది. మా నాయనది కూడా అదే మిల్లు. ఆమె ఇంటికి రెండిళ్ళ అవతల మేముండేవాళ్ళం. ఆమె బడి మొహం చూడలేదు. నలభై దాటాక, బైబిలు చదవాలన్న పట్టుదలతో అక్షరాలు నేర్చుకుంది. అందుకే వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివేది. బుధవారం మధ్యాహ్నాలు ఆమె రేకుల వసారాలో ఏడెనిమిది మంది ఆడవాళ్ళం వాక్యం చదువుకోవడానికి చేరేవాళ్ళం. ఇంటర్ చదువుతున్నానన్న గర్వంతో నేను గడగడా చదివేసి, ఇక లేద్దామా అన్నట్టు చూసేదాన్ని. "పాపా, నువ్వు బస్సులో పోతాండావు. నేను నడిచి పోతాండా. దోవలో ఏముండాదో నాకే కనపడ్తాది" అనేది. నాకు ఒళ్ళు మండేది.

ఆ ఏడు ఎండాకాలం నాయనకు దగ్గు పట్టుకుంది. రెండు నెలలైనా వదల్లేదు. మనిషి సగమయ్యాడు, ఒకరోజు తువ్వాలులో నెత్తురు కనపడింది. కడప పెద్దాసుపత్రిలో టీబీ అన్నారు. ఆరు నెలలు ఒక్కరోజు కూడా మానకుండా మాత్రలు మింగాలన్నారు. మింగితే వాంతులు, నీరసం. నెల తిరక్కముందే మా ఊరికొచ్చిన ఒక ప్రసంగీకుడు నాయన తల మీద చెయ్యి పెట్టి, విశ్వాసమున్నవాడికి మాత్రలెందుకు, లోబడితే ఆశీర్వాదం దానంతటదే వస్తుందన్నాడు. అమ్మ ఆ మాట గట్టిగా పట్టుకుంది. మాత్రల డబ్బా బీరువా మీదికెక్కింది. అడ్డు చెబితే నా అవిశ్వాసం వల్లే నాయనకేమైనా అవుతుందేమోనన్న భయంతో నేను నోరు మెదపలేదు.

మూడు వారాలు గడిచాక ఒక బుధవారం, పెళ్ళింట్లో ప్రభువు పనివాళ్ళ చేత బానల్లో నీళ్ళు నింపించి ద్రాక్షారసంగా మార్చిన పాఠం వచ్చింది. సంతోషమ్మ వేలు బానల దగ్గర ఆగింది. "ఆరు రాతిబానలంట. ఒక్కోదానికి ఎన్ని బిందెలు పడ్తాయి?"

ట్యాంకరు దగ్గర వరసలో నిలబడేవాళ్ళమే అందరం. నీళ్ళ సంగతి మాకు వేరే చెప్పాలా? "అయిదారన్నా పడ్తాయక్కా" అన్నారు ఎవరో.

"అంటే ముప్పై బిందెలకు పైనే. బావి యాడుండాదో రాయలేదు. ఆయన తల్చుకుంటే ఖాళీ బానల్లో రసం పుట్టించలేడా? మల్ల యాల మోయించినాడు?" తనే జవాబు చెప్పింది. "రసం చేసేది ఆయన పని, అది మన చేత కాదు. నీళ్ళు మోసేది మన పని, అది ఆయన చెయ్యడు. ఆ రసం యాడ్నించి వచ్చిందో విందు పెద్దకు తెలీలేదంట. మోసినోళ్ళకే తెలిసిందంట. ఆశీర్వాదమంటే అదే."

అక్కడే కూర్చున్న అమ్మకు అవి తనకు తగిలే మాటలని అర్థమైంది. "దైవజనుడు చెప్పినాడు గదక్కా. మాట వినాల గదా?"

"వినాల మే. ఎవరి మాటో చూసుకోని వినాల."

అమ్మ ముగింపు ప్రార్థనకు కూడా ఆగకుండా లేచి వచ్చేసింది. మర్నాడు పొద్దున్నే సంతోషమ్మ గంజి గిన్నెతో వచ్చి మా గడప మీద కూర్చుంది. "డబ్బా దించు" అంది. "నీకు విశ్వాసం లేదక్కా" అంది అమ్మ.

సంతోషమ్మ భర్త ఉన్నట్టుండి పోయాడనే మేమంతా అనుకునేవాళ్ళం. ఆమె ఆ రోజు అసలు సంగతి చెప్పింది. "మా ఆయనకు కాలి పుండు. ఆస్పత్రికి తీసకపొమ్మన్నారు. దేవుడు బాగుచేస్తాడు, యాడికీ పోయేది లేదని నేనే అంటి. పదకొండు దినాలు ఉపాసముండి ప్రార్థన చేసినా. పన్నెండో దినం పాయె. నా విశ్వాసానికి ఏం లోటు లేదు మే. ఈ వీధిలో అంత విశ్వాసం ఎవరికీ లేదు. బానలు మటుకు ఖాళీగా పెట్టుకోని కూచుంటి."

అమ్మ ముక్కాలిపీట వేసుకుని డబ్బా దించింది.

మధ్యలో మానినందుకు డాక్టరు చీవాట్లు పెట్టి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టమన్నాడు. ఆ ఆరు నెలలూ సంతోషమ్మ మిల్లుకు వెళ్ళే ముందు మా ఇంటికి వచ్చేది. నాయన చేత మింగించి, నోరు తెరిపించి చూసి, ఆమెన్ అని వెళ్ళేది. నాయన బతికాడు. మరుసటి ఏడు ఆ ప్రసంగీకుడు తన ప్రార్థన వల్లే అని మైకులో సాక్ష్యం చెప్పుకుంటే అమ్మ అగ్గిమీద గుగ్గిలమైంది. "చెప్పుకోనీలే మే. విందు పెద్దకు యాడ తెలుస్తాది" అని నవ్వింది సంతోషమ్మ.

ఆమె పోయే ముందటి ఏడు ధైర్యం చేసి అడిగాను, "పెద్దమ్మా, మీ ఆయన విషయంలో దేవుడు నిన్ను క్షమించినాడా?" అని.

"క్షమించినాడనే నమ్ముతాండా. అది ఆయన పని" అంది. తన పనేమిటో చెప్పలేదు. మా ఇంటికి ఆరు నెలలు నడిచిన మనిషిని అది కూడా అడగడమెందుకని ఊరుకున్నాను.

నాయన బతికాడు కాబట్టి, డబ్బా బీరువా మీదున్న ఆ మూడు వారాలూ నువ్వెందుకు నోరు విప్పలేదని నన్నెవరూ అడగలేదు. నాకు మాత్రం ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు. మా సంఘంలో ఎవరైనా ప్రార్థన పేరుతో మందులు మానేశారని తెలిస్తే, పిలవకపోయినా వెళ్తాను. పొమ్మన్నా వాళ్ళ గడప మీదే కూర్చుంటాను.