చప్పుడు లేని ఇంజిను

విమానం తయారై మూడు నెలలైనా దానికి ముక్కు లేదు. మా తమ్ముడు మంచం మీదే కూర్చుని బల్సా చెక్క కోసి, అతికించి, పసుపు రంగు ప్లాస్టిక్ పొరని ఇస్త్రీపెట్టెతో అంటించి, పాతకాలపు రెండు సీట్ల విమానాన్ని అచ్చం అలాగే చేశాడు. అసలుదానికి ఆరోవంతు. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి ఆరడుగులు. చక్రాలున్నాయి, అద్దాలున్నాయి, లోపల గోరంత మీటర్లు కూడా గీసి అంటించాడు. ముందు మాత్రం ఖాళీ. అక్కడ ఏ ఇంజిను పెట్టాలన్నదాని మీద మా ఇద్దరికీ తెగని తగువు.

నేను విజయనగరంలో ఒక మిషన్ స్కూల్లో లెక్కలు చెప్తాను. నాకు నోరెక్కువని పిల్లలకీ తెలుసు, మా ఆయనకీ తెలుసు. వాడు నౌపడ దగ్గర మా ఊళ్ళోనే ఉండేవాడు. పెళ్ళి కాలేదు. మా వైపు కిడ్నీ జబ్బు లేని వీధి లేదు కాబట్టి ఆ ఊళ్ళకి పిల్లనివ్వాలంటే బయటివాళ్ళు వెనకాడతారు. నీళ్ళ వల్లా, ఎండ వల్లా, మందుల వల్లా అన్నది ఎవరూ తేల్చలేదు. నాన్న దానితోనే పోయారు, అమ్మ అంతకుముందే పోయింది. వాడికి ముప్పై రెండో ఏట పట్టుకుంది. వారానికి రెండుసార్లు టెక్కలి వెళ్ళి నాలుగేసి గంటలు పడుకుని రక్తం శుభ్రం చేయించుకునేవాడు. ఆ నాలుగు గంటలూ ఫోన్లో ఇలాంటి బొమ్మ విమానాలు ఎగరేసేవాళ్ళని చూసీ చూసీ వాడికి ఈ పిచ్చి పుట్టింది. నేను ప్రతి శనివారం పాసింజరెక్కి వెళ్ళి ఆదివారం ఆరాధన అయ్యాక తిరిగొచ్చేదాన్ని.

ఇంజిన్లు మూడు రకాలని వాడే నాకు నేర్పాడు. మొదటిది టూస్ట్రోకు. చవక, తేలిక, కానీ కందిరీగలా గీపెడుతుంది. పాతకాలపు విమానం అలా గీపెడితే ఏం బాగుంటుందని వాడే కొట్టేశాడు. రెండోది ఫోర్‌స్ట్రోకు. నిదానంగా, బరువుగా, అసలు విమానంలాగే దడదడమంటుంది. బరువు కూడా మంచిదేనట. ఆ విమానానికి ముక్కు పొట్టి, తేలిక ఇంజిను పెడితే ముందు సీసం కట్టాలి. అందులో పోసేది మిథనాల్, ఆముదం. చిన్నప్పుడు నాన్న మన ముక్కులు మూసి పోసిన ఆముదమేనా, ఇన్నాళ్ళకి దానికి వేరే గతి దొరికిందే అన్నాను. వాడు నవ్వాడు. మూడోది కరెంటు మోటారు. బ్యాటరీ వైరు గుచ్చడం, రిమోటు మీద మీట తొయ్యడం, అంతే.

వాడికి ఫోర్‌స్ట్రోకు కావాలి. నేను కరెంటుదన్నాను.

వాడు పదేళ్ళపైన పడవల ఇంజిన్లు బాగుచేశాడు. సముద్రంలో ఇంజిను మొరాయిస్తే జాలర్లు వాడికి ఫోన్ చేసి, ఆ ఫోను ఇంజిను దగ్గర పట్టుకునేవారు. వాడు ఇంట్లో కూర్చుని విని, ప్లగ్గో గాలో చెప్పేవాడు. పడవ ఇంజినుకి తాడుంటుంది. ఎడమ చేత్తో ఇంజినుని అదిమిపట్టి, కుడి చేత్తో తాడు గుంజాలి. జబ్బు ముదిరాక వాడి ఎడమ మణికట్టు కోసి, లోపల రెండు రక్తనాళాలు కలిపి కుట్టారు. రక్తం శుభ్రం చేసే సూదులు అక్కడే గుచ్చుతారు. ఆ చేత్తో బరువెత్తకూడదు, అదమకూడదు, దానికి దెబ్బ తగిలితే రక్తం ఆగదు. ఆ రోజుతో వాడి పని పోయింది. ఆ కుట్టిన చోట వేలు పెడితే జుయ్యిమని అదురుతుంది. ఆగిపోతే వెంటనే రమ్మన్నారు. అందుకని వాడు పొద్దున్నే లేచి మణికట్టు చెవి దగ్గర పెట్టుకునేవాడు. "నడస్తన్నాది" అనేవాడు, పడవ ఇంజిను గురించి చెప్పినట్టే.

బొమ్మ విమానం ఫోర్‌స్ట్రోకుని మొదలెట్టాలంటే ఎడమ చేత్తో ముక్కు పట్టుకుని, కుడి చేత్తో ముందుండే పంకాని విసురుగా తిప్పాలి. ఒక్కోసారి అది వెనక్కి తన్నుతుంది. వేళ్ళు తెగినవాళ్ళున్నారు. వీడికి తెగితే కుట్లతో పోయేది కాదు. చేత్తో తిప్పకుండా మొదలెట్టే మోటారు వేరే ఉంటుందని ఈ సామాన్లమ్మే కలకత్తా కొట్టువాడు ఫోన్లో చెప్తే ఎగిరి గంతేసి వాడితో అన్నాను. వాడు ఒప్పుకోలేదు.

"అలాగైతే నానేటి సేసినట్టు అప్పా? ఒక్క ఇంజినైనా నా సేత్తో లేపాల."

మా వైపు అక్కని అప్ప అంటారు. వాడు అలా పిలిచి అడిగితే నేను కాదన్నది తక్కువ. ఒక్కసారి మాత్రం కాదన్నాను, అది కూడా అబద్ధం.

అంతకు ఏడాది ముందు నా కిడ్నీ ఒకటి వాడికి ఇద్దామని విశాఖపట్నం వెళ్ళి పరీక్షలు చేయించుకున్నాను. మూడో రోజు డాక్టరు కాగితాలు చూసి, నన్ను కూర్చోమని, మంచినీళ్ళిమ్మన్నాడు. అప్పుడే అర్థమైంది. అమ్మా, మీవి మీకే చాలవు, మీకూ మొదలైంది అన్నాడు. ఇంకా కొన్నేళ్ళు పడుతుంది, ఉప్పు తగ్గించండి, ఎడమ చేతి నరాల్లో ఎవరినీ సూది గుచ్చనివ్వకండి, రేపు ఆ చెయ్యే కావాలి, రక్తం కుడి చెయ్యి వెనకాల తియ్యమనండి అన్నాడు.

బస్సులో విజయనగరం చేరేదాకా కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాను. నాకు కుదరదని చెప్తే ఎందుకంటాడు. ఎందుకో చెప్తే, వాడి ఆశ పోవడం ఒకటి, నన్ను చూసి కుమలడం ఒకటి. వాడి నెత్తి మీద రెండు బరువులు పెట్టలేననుకున్నాను. మా ఆయనతో మాట్లాడుకుని, మీ బావ ఒప్పుకోలేదు, నాకూ భయంగా ఉంది అని వాడితో చెప్పేశాను. మా ఆయన ఆ నిందని నోరెత్తకుండా మోశాడు. అప్పుడు నాకది గొప్ప త్యాగంలాగే అనిపించింది. లెక్కలు చెప్పేదాన్ని, లెక్క తప్పానని తెలియలేదు.

నేను ఆదివారం ఆరాధనకి వెళ్ళేది మా ఊరి చర్చికే, మా నాన్న పాటలు నడిపించిన సంఘమే అది. ప్రతి ఆదివారం ప్రార్థన మనవులు చెప్తారు. ఫలానా వాళ్ళకి జ్వరం, ఫలానా వాళ్ళ అబ్బాయికి ఉద్యోగం. నేను కిడ్నీ ఇవ్వనన్నానని ఊళ్ళో తెలిశాక ఆ వరసలో ఒక మనవి కొత్తగా వచ్చింది. ప్రభువా, మా సహోదరుని తోబుట్టువు యొక్క కఠిన హృదయమును మెత్తపరచుము. నేను ముసుగేసుకుని మూడో చాప మీదే కూర్చుని ఉండేదాన్ని. అందరూ ఆమేన్ అనేవారు. నేనూ అనేదాన్ని, అనకపోతే బాగుండదని. వాడు పక్కన మగవాళ్ళ వైపు తల దించుకుని కూర్చునేవాడు. నాకు దేవుడి మీద కోపం రాలేదు గాని, ఆ పెద్దమ్మలందరి మీదా వచ్చింది. నా హృదయం సంగతి సరే, కిడ్నీల సంగతి అడగరేం అనిపించేది.

అలా ఏడాది నడిచింది. ఆ చలికాలం వాడు బాగా చిక్కిపోయాడు. ఒకరోజు టెక్కలి నుంచి వస్తూ ఆటోలో స్పృహ తప్పాడని తెలిసి, ఇంకెన్నాళ్ళుంటాడని వీడితో పంతానికి పోతున్నాను అనుకున్నాను. చెయ్యి జాగ్రత్త, చెయ్యి జాగ్రత్త అని ఉన్న ఒక్క కోరికా చంపేస్తున్నాను. ఆ శనివారం పొద్దున విజయనగరంలో నా రక్తపరీక్ష ముగించుకుని, అటునుంచి అటే రైలెక్కాను. ఇంటికెళ్ళి, అన్నం వడ్డిస్తూ, సరే, నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు, నీ ఫోర్‌స్ట్రోకే తెప్పిద్దాం, పంకా తిప్పేటప్పుడు ముక్కు నేను పట్టుకుంటాను అన్నాను.

వాడు కంచంలోకి చూస్తున్నాడనుకున్నాను.

"ఒద్దప్పా. కరెంటుదే తెప్పించు. అదైతే ఎవులైనా తిప్పగలరు."

నాకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ ఏడిపించి, తీరా ఒప్పుకుంటే వద్దంటావా అని అరిచాను. వాడు మజ్జిగ కూడా పోసుకోకుండా లేచిపోయాడు. ఆ తర్వాత నాతో మాటలు తగ్గించేశాడు. నేనొస్తే విమానం పట్టుకుని అటు తిరిగి కూర్చునేవాడు. ఇంజిను కోసం అలిగాడనుకున్నాను. మర్నాడు సంఘంలో నా కఠిన హృదయం ఊసు లేదు. ఆ మనవి చదవొద్దని వాడే చెప్పాడట. నా మీద ఆశ వదిలేసుకున్నాడని ఆ రోజు రైల్లో ఏడ్చాను.

మోటారు వారంలో వచ్చింది. విమానానికి పెట్టే బ్యాటరీని విమానంలో పంపకూడదట, అది లారీలో రావడానికి నెల దాటింది. బ్యాటరీ ముందుకి తోసినా ముక్కు తేలికగానే ఉందని, వలలకి కట్టే సీసం గుళ్ళు తెచ్చి లోపల కట్టాడు. ఎగరెయ్యడానికి చదును నేల ఎక్కడుందంటే ఉప్పుమళ్ళ పక్కన. ఉప్పు తినకు, నీళ్ళు తాగకు అని డాక్టర్లు కట్టడి చేసిన మనిషి చివరికి ఎంచుకున్న చోటది. గాలి లేవకముందే ఆటోలో వెళ్ళాం. వాడి దగ్గర అరలీటరు సీసా ఉంది, రోజంతటికీ అవే నీళ్ళు, దాని మీద ఏ పూటకి ఎంతో పెన్నుతో గీతలు గీసి ఉన్నాయి.

వాడు కుడి చేత్తో వైరు గుచ్చి, మీట తోశాడు. విమానం కాస్త దూరం పరుగెత్తి లేచింది. గాలి కోసుకున్న సన్నటి శబ్దం తప్ప ఏమీ లేదు. ఎండలో పసుపు రెక్క తిరుగుతుంటే చాలా బాగుంది. వాడు తల కొంచెం పక్కకి వంచి చూస్తున్నాడు, వినడానికి వంచినట్టు. నాలుగు చుట్లు తిప్పాక రిమోటు నా చేతిలో పెట్టాడు. నాకొద్దురా అన్నా వినలేదు. వెనక నిలబడి నా బొటనవేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి తిప్పించాడు, తర్వాత తీసేశాడు. నేను దింపితే రెండు గెంతులేసి, ఒక చక్రం వంకర పోయింది. అక్కడ కూర్చుని ఆ చక్రం సరిచేస్తూ చెప్పాడు.

"నాకు ఫోర్‌స్ట్రోకే కావాలనుండీది. దానికి రెండు సేతులూ కావాల. నీ ఎడంసెయ్యి కూడా ఇంక దాసుకోవాల గదా."

ఎవరు చెప్పారన్నాను.

"ఎవులు సెప్పాల? ఆ శనారం అన్నం ఎడతన్నప్పుడు నీ కుడిసేతి ఎనక దూది అంటుకునుంది. సెయ్యి కొయ్యకముందు నాకూ అక్కడే తీసీవోరు."

నిజమే. పరీక్ష చేసినవాళ్ళు అంటించిన దూది తియ్యడం రైలు హడావిడిలో మరిచిపోయాను. అప్పుడు నాకు ఏడుపాగలేదు. అన్నీ చెప్పాను. తెలిసి కూడా రెండు నెలలు ఎందుకూరుకున్నావురా అంటే, కోపం తగ్గాలి కదా అన్నాడు. వాడు నన్ను ఓదారుస్తాడనుకున్నాను. ఓదార్చలేదు.

"ఏడాది నిన్ను రాయనుకున్నాను. బావని శపించాను. సచ్చిపోయేవోడికి ఒక ఏడాదంటే ఎంతో తెలుసా అప్పా? అది నాకెవులిస్తారు?"

సీసాలో మధ్యాహ్నం గీత దాకా ఉన్న నీళ్ళు వాడు అక్కడే తాగేసి, సాయంత్రం గీత దాకా నన్ను తాగమన్నాడు. ఆటో వచ్చేదాకా ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం.

ఆ వానాకాలం వాడు పోయాడు. సంఘంలో చాలామంది నాతో మాట్లాడలేదు. నేనూ వాళ్ళకేమీ చెప్పలేదు, మొన్నమొన్న నా ఎడమ మణికట్టుకి కట్టు చూసి వాళ్ళే తెలుసుకున్నారు. విమానం విజయనగరంలో మా ముందుగదిలో ఉంది. ఏడాదికోసారి మా ఆయన నేనూ ఉప్పుమళ్ళ దగ్గరికి తీసుకెళ్తాం. వైరు గుచ్చడానికి ఒక చెయ్యి చాలు.

పొద్దున్నే లేచి ఎడమ మణికట్టు చెవి దగ్గర పెట్టుకుంటాను. లోపల జుయ్యిమంటుంది. "నడస్తన్నాది" అని పైకే అంటాను.