ముట్టుకోకుండా పేలిన రైఫిల్

2022, దసరా వెళ్లిన వారం. అద్దంకిలో మాది తుపాకుల రిపేరు షాపు. లైసెన్సు కాగితం చూపించకపోతే సొంత బావమరిదినైనా గుమ్మం ఎక్కనివ్వను. వచ్చేవి ఎక్కువగా రైతుల రైఫిళ్లే. కనిగిరి వైపు చేలమీద అడవిపందులు పడితే గాల్లో కాల్చి బెదరగొట్టడానికి ఉంచుకుంటారు.

ఆ రోజు కోటేశ్వరరావు గారు, ఆయన భార్య అనసూయమ్మ గారు వచ్చారు. బెంచీకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చున్నారు. మాటల్లేవని చూడగానే తెలిసిపోయింది.

"మస్తాన్ గారూ, అమ్మతోడు, నేను ట్రిగ్గర్ నొక్కలేదండీ. సేఫ్టీ తీశానంతే, ఢామ్మని పేలింది" అన్నాడాయన.

"దానంతటదే పేలుద్దా?" అంది ఆవిడ. "నీళ్ల డ్రమ్ము దగ్గర గిన్నెలు తోముకుంటున్నానండీ. డ్రమ్ముకి బొక్క పడింది. జానెడు ఇటైతే నా పని అయిపోయేది. పేలినందుకు కూడా కాదండీ, అబద్ధం ఆడుతున్నాడే, అందుకు నా కోపం. ఈ తుపాకీ అయినా ఇంట్లోంచి పోవాలి, నేనైనా మా పుట్టింటికి పోవాలి."

"ఇన్నేళ్ల కాపురం చేసి నా మాట నమ్మదండీ" అని గొణిగాడాయన. నాకు నిజంగానే జాలేసింది.

వాళ్లు తెచ్చిన రైఫిల్ కవరు విప్పగానే గుప్పున కొబ్బరినూనె వాసన.

"ఇదేంటండీ, రైఫిల్‌కి తలంటు పోశారా?"

"ఆయుధపూజ కదండీ. బాగా నూనె పట్టించి, పసుపూ కుంకుమా పెట్టాను."

నా తలరాత అనుకున్నాను. బోల్ట్ లాగి, లోపల తూటా లేదని చూసుకున్నాను. బోల్ట్ అంటే తూటాని లోపలికి తోసి వెనక గడియలా బిగించేది. అందులో ఉండే ఫైరింగ్ పిన్ తూటా వెనక కొడుతుంది. ఆ పిన్నుని వెనక్కి పట్టి ఉంచే కొక్కెం పేరు సియర్. ట్రిగ్గర్ నొక్కితే సియర్ దిగి పిన్నుని వదిలేస్తుంది. సేఫ్టీ వేసి ఉంటే సియర్ దిగినా పిన్ కదలదు.

ఖాళీ రైఫిల్ ఆయనకిచ్చి, "గొట్టం గోడకి పెట్టి, ఆ రోజు చేసినట్టే చేయండి" అన్నాను.

ఆయన బోల్ట్ మూశాడు, సేఫ్టీ వేశాడు, ట్రిగ్గర్ గట్టిగా నొక్కి వదిలాడు.

"ఇదిగో, నొక్కాడు!" అని లేచింది అనసూయమ్మ.

"సేఫ్టీ పట్టిందో లేదోనని నొక్కి చూశానే! ఎప్పుడూ చూస్తాను. పేలింది నొక్కినప్పుడు కాదు." వేలు బయటికి తీసేసి, మాకు చూపిస్తూ సేఫ్టీ తీశాడు.

టక్. పిన్ దానంతటదే పడింది.

నేను విప్పి చూపించాను. ఆయన నొక్కినప్పుడు దిగిన సియర్, పసుపూ నూనే కలిసిన బంకలో ఇరుక్కుని మళ్లీ పైకి రాలేదు. పిన్నుని ఆపింది ఒక్క సేఫ్టీయే. అది తీయగానే పేలింది.

"చూశావా? చూశావా?" అంటూ కోటేశ్వరరావు గారు చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. నేను కిరసనాయిలుతో ఆ బంకంతా కడిగి, బిగించి, సియర్ గట్టిగా పట్టేదాకా పరీక్షించాను. ఈసారి బొట్టు కర్రభాగం మీద పెట్టుకోమన్నాను.

అనసూయమ్మ బెంచీ మీద ఆయన పక్కకి జరిగింది. "సరేలే, అబద్ధం ఆడలేదు. ఒప్పుకున్నా. మరి ఇంటి వాకిట్లో తూటా ఎందుకు నింపావు? గొట్టం నా వైపు ఎందుకు తిప్పావు?"

ఆయన నా వైపు చూశాడు. నేనేం చెప్తాను? దానికి నా దగ్గర విడిభాగాల్లేవు.

"తూటాలు ఇక నా బీరువాలో ఉంటాయి. చేలోకి పోయేటప్పుడు అడిగి తీసుకో" అంది ఆవిడే.

"అలాగేనే తల్లీ" అన్నాడు. ఇద్దరూ నవ్వుకుంటూ వెళ్లారు.

సేఫ్టీ కూడా ఇనుమే, ఎప్పుడో ఒకరోజు మోసం చేస్తుంది. ఆ రోజు గొట్టం ముందు మనిషి ఉండకూడదు. అందుకే ఇప్పుడు ఎవరు వచ్చినా, అనసూయమ్మ గారడిగిన రెండు ప్రశ్నలూ అడిగి, జవాబు విన్నాకే రైఫిల్ చేతికిస్తాను. కొంతమందికి కోపం వస్తుంది. రానీండి.